జెండా గుచ్చుకున్న తరువాత

డిసెంబరు 7న, సాయుధ దళాల పతాక దినాన, ప్రభుత్వ కార్యాలయాల్లో చొక్కా జేబుల మీద చిన్న కాగితపు జెండాలు కనిపిస్తాయి. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం: త్రివిధ దళాల రంగులు. 1949 నుంచి వస్తున్న ఆనవాయితీ ఇది. అధికారులు హుండీలో నోటు వేసి ఫొటో దిగుతారు, మర్నాడు మా పత్రికలో మేమూ ఆ ఫొటో వేస్తాం. సాయుధ దళాల పతాక నిధి మాజీ సైనికుల కుటుంబాలకు అక్కరకొస్తుంది కనుక పాఠకులూ చేతనైనంత వేయాలనే మా కోరిక. మా పేచీ జెండాతో కాదు, దానికి వారం ముందు జరిగే తంతుతో.

నవంబరులో పింఛనుదారులు తాము బతికే ఉన్నామని రుజువు చూపాలి. ఆ నెల చివర్లో ఏ బ్యాంకు మెట్ల మీదనో, ఏ సేవాకేంద్రం ముందో కాసేపు నిలబడితే చాలు. డెబ్బై దాటిన ఒక సైనికుడి భార్య, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు చిరిగిన పీపీఓ, అంటే పింఛను మంజూరు పత్రం. బొటనవేలు యంత్రం మీద పెడుతుంది. పడదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది. అంట్లు తోమి, కలుపు తీసి అరిగిపోయిన వేలికి గీతలెక్కడివి? వెనక క్యూలో గ్యాస్ సబ్సిడీ పడనివాడు, ఆధార్‌లో పుట్టినతేదీ తప్పుపడినవాడు విసుక్కుంటుంటారు. సర్వరు పనిచేయడం లేదు, రేపు రండమ్మా అంటాడు కౌంటరు కుర్రాడు. అతడిదీ తప్పు కాదు.

2016లో పెద్దనోట్లు రద్దయి జనం ఏటీఎంల ముందు బారులు తీరినప్పుడు ఒక మాట బాగా చెలామణి అయింది. సైనికుడు సరిహద్దులో నిలబడుతుంటే మీరు క్యూలో నిలబడలేరా? ఆ మాట అన్నవారికి తట్టనిది ఒకటుంది. ఆ సైనికుడి తల్లి కూడా అదే క్యూలో నిలబడింది. సామాన్యుడి ఫిర్యాదు నోరు నొక్కడానికి సైనికుడి త్యాగాన్ని వాడుకోవడం అతడికి గౌరవమని మేము అనుకోవడం లేదు. ఆ మాటకొస్తే సైనికుడికే దిక్కులేదు. 2025 ఆగస్టులో సెలవు ముగించుకుని శ్రీనగర్‌లో విధులకు బయల్దేరిన ఒక జవానును మేరఠ్ సమీపంలోని టోల్‌గేటు సిబ్బంది స్తంభానికి కట్టి కొట్టారు. విమానానికి ఆలస్యమవుతోందని, క్యూ కదలడం లేదని అడిగినందుకు! వీడియో దేశమంతా తిరిగాక జాతీయ రహదారుల సంస్థ ఆ గుత్తేదారుకు 20 లక్షల జరిమానా వేసింది. వీడియో లేకపోతే?

గల్వాన్‌లో 2020 జూన్ 15న అమరుడైన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్ల రూపాయలు, ఇంటిస్థలం, ఆయన సతీమణికి గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. ఇవ్వవలసిందే. అయితే సియాచిన్ మంచులోనో, శిక్షణ ప్రమాదంలోనో పోయినవారి ఇంటికి కెమెరాలు రావు. వచ్చినా మూడో రోజుకు మేమే వెనక్కి తిరుగుతాం. ఆ తరువాత మిగిలేది కాగితాలు. సైనికుడి పెళ్లి, పిల్లల పుట్టుక యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డరుకు, అంటే సైన్యం అధికారిక రికార్డుకు, ఎక్కాలి. ఎక్కకపోయినా, మన ఇంటిపేరును ఉత్తరాది గుమాస్తా ఒక అక్షరం తేడాగా రాసినా కుటుంబ పింఛను ఆగిపోతుంది. సరిదిద్దించాలంటే ఆర్టిలరీ అయితే నాసిక్‌లోని, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్‌లోని రికార్డు కార్యాలయానికి ఉత్తరాలు రాయాలి. పింఛను ఉత్తర్వు వచ్చేది ప్రయాగ్‌రాజ్ నుంచి. హిందీ, ఇంగ్లీషు రాని పల్లెటూరి స్త్రీకి ఇదొక దేశాటన. ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకంలో గ్రానైటు మీద 25 వేలకు పైగా పేర్లున్నాయి. రాతి మీది పేరుకు ఎవరూ ధ్రువపత్రం అడగరు.

శ్రీసత్యసాయి జిల్లా కల్లితండాకు చెందిన మురళీనాయక్ విషయం ఇంకొకటి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ వేళ నియంత్రణ రేఖ వద్ద అమరుడైన ఆ యువకుడు అగ్నివీరుడు, అంటే నాలుగేళ్ల సర్వీసుకు చేరిన సైనికుడు. రాష్ట్రం 50 లక్షలు, ఐదెకరాల పొలం, ఇంటిస్థలం ప్రకటించింది. కేంద్రం బీమా, పరిహారం ఇస్తుంది. కానీ అదే కందకంలో పక్కన నిలిచిన రెగ్యులర్ సైనికుడి కుటుంబానికి దక్కే జీవితకాల పింఛను అగ్నివీరుడి తల్లిదండ్రులకు లేదు. తూటాకు తెలియని తేడా ఖజానాకు ఎందుకు తెలియాలి?

మేము కోరేది పెద్దదేమీ కాదు. ఈసారి డిసెంబరు 7న జిల్లా సైనిక సంక్షేమ అధికారి జెండాతో పాటు ఇంకో కాగితం కూడా కలెక్టరు చేతిలో పెట్టాలి: జిల్లాలో పింఛను ఆగిన కుటుంబాలెన్ని, ఏ అక్షరం దగ్గర, ఎన్ని నెలలుగా. వేలిముద్ర పడని వృద్ధుల ఇంటికి మనిషిని పంపాలి. ఆ కాగితం మాకు ఇస్తే, ఫొటో వేసే చోట దాన్నే అచ్చు వేస్తాం.