బంగాళాఖాతం లోతుల్లో మిగిలిన ఆ కాస్త ఆక్సిజన్

బంగాళాఖాతం మనకు వార్తల్లో కనిపించేది వాయుగుండం పడ్డప్పుడు, లేదంటే వేట నిషేధం మొదలైనప్పుడు. తీరానికి దూరంగా, నీటి అడుగున సుమారు వంద మీటర్ల నుంచి నాలుగు వందల మీటర్ల దాకా ఉన్న పొర గురించి చర్చే జరగదు. అక్కడి నీటిలో ఆక్సిజన్ అడుగంటింది. పైనీటిలో ఉండేదాంట్లో వెయ్యో వంతు, కొన్నిచోట్ల ఇరవై వేలో వంతు మాత్రమే మిగిలింది. ఆ మిగిలిన కాస్తా ఉండడం, పోవడం మీదే ఈ సముద్రం భవిష్యత్తు చాలావరకు ఆధారపడి ఉంది. దాన్ని ఖర్చు చేసేదీ, దాంతో సముద్రాన్ని నిలబెడుతున్నదీ కూడా కంటికి కనిపించని బ్యాక్టీరియాలే.

ఒక్క మిల్లీలీటరు సముద్రపు నీటిలో దాదాపు పది లక్షల బ్యాక్టీరియాలు, వాటికి పదింతల వైరస్‌లు ఉంటాయి. ఎండ తగిలే పైపొరలో సూక్ష్మ నాచు, ప్రోక్లోరోకాకస్ లాంటి బ్యాక్టీరియాలు ఆహారం తయారు చేస్తాయి. భూగోళం మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రాలదే. హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ మన మత్స్యకారులకు చేపలు ఎక్కడ దొరకవచ్చో రోజూ పంపే సమాచారానికి కూడా, నీటి ఉష్ణోగ్రతతో పాటు, ఉపగ్రహానికి కనిపించే ఈ పచ్చదనమే ఆధారం. ఆ జీవులు చచ్చి కిందికి దిగుతుంటే అక్కడి బ్యాక్టీరియాలు వాటిని తింటూ ఆక్సిజన్ పీల్చేస్తాయి. మామూలు సముద్రంలో పైనుంచి గాలి కలిసిన నీరు దిగి ఆ లోటును కొంతైనా తీరుస్తుంది. ఇక్కడ గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరు తేలికగా ఉండి ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. కింద ఖర్చయిన ఆక్సిజన్ అంత తేలిగ్గా తిరిగి చేరదు.

ఆక్సిజన్ పూర్తిగా అయిపోయినా బ్యాక్టీరియాలు చావవు. కొన్ని ఆక్సిజన్‌కు బదులు నైట్రేట్‌ను, అంటే నత్రజని, ఆక్సిజన్ కలిసిన పదార్థాన్ని, పీలుస్తాయి. నైట్రేట్ ముందు నైట్రైట్‌గా, ఆఖరికి నత్రజని వాయువుగా మారి గాలిలోకి పోతుంది. అనమాక్స్ అనే మరో రకం బ్యాక్టీరియాలు అమ్మోనియంను, నైట్రైట్‌ను కలిపి అదే వాయువు చేస్తాయి. అరేబియా సముద్రం మధ్యలోతుల్లో ఈ పని పెద్దఎత్తున సాగుతోంది. సముద్ర జీవులకు ఎరువు కావలసిన నత్రజని అక్కడ గాలి పాలవుతోంది. మధ్యలో నైట్రస్ ఆక్సైడ్ కూడా పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌ కంటే 270 రెట్లకు పైగా శక్తిమంతమైనది.

మరి బంగాళాఖాతంలో ఆక్సిజన్ అంత తగ్గినా ఇదెందుకు జరగడం లేదన్న ప్రశ్నకు 2017లో నేచర్ జియోసైన్స్ పత్రికలో జవాబు వచ్చింది. లారా బ్రిస్టో, డొనాల్డ్ కాన్‌ఫీల్డ్, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన వాజి నఖ్వీ తదితరులు అతిసున్నితమైన సెన్సర్లతో కొలిచారు. పాత పరికరాలు సున్నా అని చూపించగల చోట లీటరుకు 10 నుంచి 200 నానోమోల్ ఆక్సిజన్ కనిపించింది. మొదట చెప్పిన ఇరవై వేలో వంతు, వెయ్యో వంతు ఇవే. నత్రజనిని గాలిలో కలిపే బ్యాక్టీరియాలు అక్కడ లేకపోలేదు, పనికి సిద్ధంగానే ఉన్నాయి. వాటికి కావలసిన నైట్రైట్‌ను మాత్రం ఇంకో జట్టు ముందే తన్నుకుపోతోంది. ఈ జట్టు బ్యాక్టీరియాలు ఆ పిసరంత ఆక్సిజన్‌తోనే నైట్రైట్‌ను మళ్లీ నైట్రేట్‌గా మార్చేస్తాయి. ఆక్సిజన్ ఉన్నంతకాలం వీటిదే పైచేయి. అది కాస్తా పోతే బంగాళాఖాతం కూడా అరేబియా సముద్రం దారి పడుతుందని ఆ పరిశోధకుల అంచనా.

ఆ ఆక్సిజన్ ఎలా నిలబడుతోందో మనవాళ్లే కొంత తేల్చారు. సముద్ర విజ్ఞాన సంస్థ విశాఖ కేంద్రానికి చెందిన వి.వి.ఎస్.ఎస్. శర్మ, ఇన్‌కాయిస్‌కు చెందిన టి.వి.ఎస్. ఉదయభాస్కర్ 2018లో ఆర్గో ఫ్లోట్ల (సముద్రంలో వాటంతటవే మునిగి తేలుతూ కొలతలు తీసే పరికరాల) కొలతలు చూసి, గడియారం ముల్లు దిశలో తిరిగే పెద్ద సుడులు ఆక్సిజన్ ఉన్న నీటిని లోపలికి నెడుతున్నాయని చూపించారు. దీనికి తోడు, మంచినీటి పొర అడ్డుండటంతో లోతుల్లోని పోషకాలు పైకి రావు. పైన పండేది తక్కువ కాబట్టి కింద కుళ్లేదీ తక్కువే. అంటే ఆక్సిజన్ దిగకుండా అడ్డుపడే మూతే ఖర్చు పెరగకుండానూ కాస్తోంది. ఈ సముద్రంలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచే సంగతి ఇదే, భయపెట్టేదీ ఇదే. కింది నుంచి రాని పోషకాలు నేల మీద నుంచి వచ్చి పడితే ఆ లెక్క తప్పుతుంది.

ఒక యూరియా బస్తా 45 కిలోలు. అందులో నత్రజని 20 కిలోలకు పైమాటే. వరిమడిలో వేస్తే మామూలుగా అందులో సగం కూడా పైరుకు దక్కదు. కొంత ఆవిరవుతుంది. కొంత నీరు నిలిచిన బురదలో, ఆక్సిజన్ లేని చోట, సముద్రంలో నత్రజనిని పోగొట్టే బ్యాక్టీరియాల్లాంటి వాటి వల్లే గాలిలో కలుస్తుంది. ఇంకొంత మురుగుకాలువ పట్టి డ్రెయిన్లలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి చేరుతుంది. పట్టణాల మురుగు, రొయ్యల చెరువుల నుంచి వదిలే నీళ్లు దీనికి అదనం.

అలాగని గోదావరి డెల్టాలో వేసిన యూరియా నేరుగా నడిసముద్రం లోతుకు చేరుతోందనడం సరికాదు. చాలా భాగం నదీముఖాల్లో, తీరం దగ్గరే ఖర్చయిపోతుంది. గోదావరి ముఖంలో వరద ఉధృతంగా ఉన్న రోజుల్లో నీటిలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలో ఉన్నదానికి పదుల రెట్లు ఎక్కువగా నమోదైంది. వరద తెచ్చిన సేంద్రియ పదార్థాన్ని బ్యాక్టీరియాలు ఎంత జోరుగా అరగదీస్తున్నాయో దీన్నిబట్టి తెలుస్తుంది. కానీ ఆ వడపోతకూ ఒక హద్దుంది. పైగా 1960 నుంచి ప్రపంచ సముద్రాలు తమ ఆక్సిజన్‌లో దాదాపు రెండు శాతం పోగొట్టుకున్నాయి. వేడెక్కిన నీరు ఆక్సిజన్‌ను తక్కువగా పట్టి ఉంచుతుంది. ఇంత సన్నని అంచు మీద ఉన్న సముద్రానికి రెండు వైపుల నుంచీ ఒత్తిడి పెట్టడం తెలివైన పని కాదు.

ఎక్కువైన ఎరువును బ్యాక్టీరియాలే గాలిలో కలిపేస్తే మంచిదే కదా అని కొందరు అడగవచ్చు. నేను ఒప్పుకోను. ఆ దశ వచ్చేసరికి నైట్రస్ ఆక్సైడ్ పెరిగే ప్రమాదం ఉంది, చేప బతకగలిగే నీటి మందం కుంచించుకుపోతుంది. నత్రజని తగ్గి ఫాస్ఫరస్ మిగిలితే పైపొరలో ఏ జీవులు పెరుగుతాయన్నదీ మారుతుంది.

కేంద్రం 2021లో 4,077 కోట్లతో డీప్ ఓషన్ మిషన్‌ను ఆమోదించింది. వార్తల్లో నిలిచింది మాత్రం ఆరు వేల మీటర్ల లోతుకు మనుషుల్ని తీసుకెళ్లే మత్స్య జలాంతర్గామి. అది కావలసిందే, కాదనను. కానీ మన బతుకుతో ముడిపడ్డ మార్పు రెండు మూడు వందల మీటర్ల లోతులోనే ఉంది. ఆర్గో ఫ్లోట్ల సెన్సర్లు సుడులను పట్టగలవు గానీ నానోమోల్ స్థాయి ఆక్సిజన్‌ను పట్టలేవు. దానికి ఓడ వెళ్లాలి, సున్నితమైన సెన్సర్ దించాలి, నైట్రైట్ కొలవాలి, ఏ బ్యాక్టీరియాలు ఉన్నాయో, ఏవి పని చేస్తున్నాయో జన్యువుల ద్వారా చూడాలి. విశాఖ నుంచి తూర్పుకు ఒక గీత గీసుకుని, ఏటా వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి అవే చోట్ల ఈ పని చేయాలి. ఫలితాలు తుపాను హెచ్చరికల్లాగే అందరికీ తెలియాలి. సముద్ర విజ్ఞాన సంస్థ కేంద్రం, ఆంధ్ర విశ్వవిద్యాలయం రెండూ ఉన్న ఊరు అది. డెల్టా డ్రెయిన్లు సముద్రంలో కలిసే చోట నత్రజనిని నెలనెలా కొలిచి ప్రకటించే బాధ్యత మాత్రం రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవాలి. లోతుల్లో నైట్రైట్ పేరుకోవడం మొదలైతే, అది ఏ ఏడు మొదలైందో, అంతకుముందు ఏం మారిందో అప్పుడే చెప్పగలం.