రాక్షసుడికి నవ్వింది, అమ్మ కనబడకపోతే ఏడ్చింది

మొన్న ఆదివారం మా అక్కా, వాళ్ల తొమ్మిదేళ్ల అబ్బాయీ, నేనూ, మా అయిదేళ్ల పాపా కలిసి విశాఖలో జగదాంబ వైపు ఒక సినిమాకి వెళ్లాం. పోస్టర్ నిండా రంగులు, మాట్లాడే మేక, బొజ్జ రాక్షసుడు, ఇంటిల్లిపాదీ చూడాల్సిన సోషియో ఫాంటసీ అని ప్రచారం. రాక్షసుడు వచ్చిన ప్రతిసారీ పాప పకపకా నవ్వింది. ఇంటర్వెల్‌కి కాస్త ముందు సినిమాలో తల్లి మాయమైపోయి పిల్లాడు గది గదీ వెతుక్కుంటుంటే మాత్రం నా చొక్కా పట్టుకుని ఒకటే ఏడుపు. లైట్లు వెలగ్గానే ఎత్తుకుని బయటికొచ్చేశాను. ఆ రాత్రి వాళ్లమ్మ స్నానానికి వెళ్తే తలుపు బయటే కూర్చుంది.

పిల్లలకి ఈ సినిమా పర్లేదా అని ఎవరినైనా అడిగితే మనవాళ్లు చెప్పేది రక్తం ఉందా, దెయ్యముందా, ముద్దు సీన్లున్నాయా అన్న లెక్కే. ఫాంటసీ కామెడీకి ఈ లెక్క సరిపోదని నాకు అనిపిస్తోంది.

సెన్సార్ సర్టిఫికెట్ చూడొచ్చు కదా అంటారు. చూడాలి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, పెద్దల సలహాతో పిల్లలు చూడొచ్చనే, అంతవరకూ ఒకే ముద్దగా ఉన్న యూఏని 7+, 13+, 16+ అని మూడు చేశారు, మంచి పనే. కానీ అవి తల్లిదండ్రులకిచ్చే సలహాలే. గేటు దగ్గర టికెట్ చింపే కుర్రాడు పాప వయసు అడగడు, అడగాల్సిన పనీ లేదు. ఇక ‘యూ’ అంటే అందరూ చూడొచ్చని మాత్రమే, నాలుగేళ్ల పిల్ల తట్టుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

పిల్లలూ, టీవీ భయాలూ అన్న విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికన్ పరిశోధకురాలు జోవాన్ కాంటర్ గమనించిందేమిటంటే, బడికెళ్లని వయసులో పిల్లలు ఎక్కువగా భయపడేది కంటికి వికారంగా కనబడే వాటికీ, కళ్లముందే మనిషి ఇంకోలా మారిపోవడానికీ. ‘అదంతా ఉత్తిదేరా’ అన్న మాట పెద్ద పిల్లలకి పనిచేసినంతగా వీళ్లకి పనిచెయ్యదు. మన దగ్గర ఉత్తిదేరా అనని నాన్న ఎవరు, నేనూ ఆ రోజు పదిసార్లు అన్నాను.

అయితే మారడమొక్కటే సమస్య అనుకుంటే 1957 నాటి మాయాబజార్ సంగతేంటి? ఘటోత్కచుడు శశిరేఖగా మారిపోతాడు, మా పాప ఆ భాగం మళ్లీ మళ్లీ పెట్టించుకుంటుంది. లోపలున్నది ఎవరో తనకి ముందే తెలుసు, తెలియనిది ఎదుటివాళ్లకే, అందుకే నవ్వు. 1994 నాటి యమలీల చూడండి. యముడి వేషంలో ఐస్‌క్రీమ్‌ని హిమక్రీము అంటూ లొట్టలేసే కైకాల సత్యనారాయణని చూసి ఏ పిల్లా జడుసుకోదు. కానీ కథకి ఊపిరి, జరగబోయేది చెప్పే భవిష్యవాణి అనే పుస్తకంలో కొడుకు తన తల్లి చావు గురించి చదవడం. పదేళ్ల వాడు దాన్ని కథగా చూస్తాడు, అయిదేళ్ల పిల్ల వంటింట్లోకి పరిగెత్తి వాళ్లమ్మ ఉందో లేదో చూసుకుంటుంది.

సింహాచలం కొండ మీద మా అమ్మ పాపకి నరసింహస్వామి కథ చెప్పింది. గోళ్లతో పొట్ట చీల్చడం, పేగులు, అన్నీ ఉన్న కథే. ఏ బోర్డూ దానికి యూ ఇవ్వదు! పాప భయపడలేదు, ఎందుకంటే మా అమ్మ దాని మొహం చూస్తూ చెప్పింది, కళ్లు పెద్దవవగానే పేగులు వదిలేసి ప్రహ్లాదుడి దగ్గరికి వెళ్లిపోయింది. హాల్లో తెర అలా ఆగదు, పైగా ఆ సౌండు.

కామెడీ వైపు నా ఫిర్యాదు వేరే. మేనల్లుడికి భయం లేదు గానీ, సినిమాలో లావుపాటి కుర్రాణ్ని అందరూ పిలిచే పేరు వాడికి బాగా నచ్చింది, మంగళవారానికల్లా క్లాసులో ఇంకో పిల్లాడికి పెట్టేశాడు. మా అక్కని స్కూలుకి పిలిచారు. భయం రెండు రాత్రుల్లో పోతుందేమో, ఇలా అంటుకున్న పేరు పదో క్లాసు దాకా పోదు.

ఇప్పుడు నేను సినిమా చూసొచ్చినవాళ్లని అడుగుతున్నది ఒకటే: అమ్మకి గానీ నాన్నకి గానీ ఏమన్నా అవుతుందా, అయితే ఎంతసేపటికి తిరిగొస్తారు? పది నిమిషాలంటే పర్లేదు. గంట అంటే ఇంట్లో ఓటీటీలో చూస్తాం, రిమోట్ నా చేతిలో ఉంటుంది.

ఇంటర్వెల్‌లో లేచి వచ్చేయడం కూడా నా తప్పే, ఆ సంగతి తర్వాత తెలిసింది. రెండో సగంలో ఆ తల్లి తిరిగొచ్చేస్తుందట, మా పాప దృష్టిలో మాత్రం ఆమె ఇంకా మాయమయ్యే ఉంది. బుధవారం రాత్రి మేనల్లుడితో ఫోన్‌లో చెప్పించాను, ‘ఆ అమ్మ వచ్చేసిందే, రాక్షసుణ్ని చీపురుతో కొట్టింది కూడా’ అని. పాప కాసేపు ఆలోచించి అడిగింది.

‘మరి ఆ బాబు అప్పటిదాకా అన్నం తిన్నాడా, బావా?’