ఒక పొయ్యికి ఒక పోగు

కృష్ణా నీళ్ల తగాదా తీర్చమని 2004లో కేంద్రం వేసిన రెండో ట్రిబ్యునల్‌కు ఇరవై ఏళ్లు దాటాయి. తగాదా మాత్రం ఇంకా పడుచుగానే ఉంది. ఇన్నేళ్లలో ఆ పెద్దమనుషుల్ని ఒక్క దసరాకైనా మా ఊరికి పిలిచి, వేపచెట్టు కింద యాట పోగులు ఎట్లా పెడతారో చూపించాలని ఏ ప్రభుత్వానికీ తోచలేదు. దేవరకొండ అవతల న్యాయశాస్త్రం ఉండదనుకున్నారో ఏమో.

తెలియని పట్నం వాళ్ల కోసం చెప్పాలి. పండక్కి పన్నెండు ఇళ్ల వాళ్లు కలిసి ఒక యాటను, అంటే మేకపోతునో గొర్రెపోతునో, బేరం చేస్తారు. కోసి, కొట్టి, కింద పట్టా పరిచి పన్నెండు పోగులు పెడతారు. ఒకప్పుడు పట్టా కాదు, మోదుగాకులు. కాంటా ఉండదు. మా చిన్నాయన కన్నే కాంటా. మొదట మెత్తటి కూర, తర్వాత బొక్కల కూర, ఆ తర్వాత పోగుకో కార్జం ముక్క, ఇంత బోటి, ఇంత కొవ్వు. అన్నీ పెట్టాక ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఒక కన్ను మూసి చూస్తాడు. నాలుగో పోగులోంచి వేలెడు ముక్క తీసి తొమ్మిదో పోగులో వేస్తాడు. మళ్లీ చూస్తాడు. తొమ్మిదిలోంచి ఇంకో ముక్క తీసి ఏడులో వేస్తాడు. ఈలోపు పిల్లలు కాకుల్ని తోలుతుంటారు. కుక్కలు మర్యాదగా దూరంలో కూర్చుని తీర్పు కోసం చూస్తుంటాయి.

అసలు చిక్కు నల్లి బొక్క దగ్గర. యాటకు కాళ్లు నాలుగే, పోగులు పన్నెండు. ఒక్కో నల్లిని మూడు ముక్కలు చేస్తే లెక్క సరిపోతుంది. కానీ మూలుగ ఉండేది నడిమి ముక్కలోనే, అటూ ఇటూ ఉన్నవి ఉత్త చప్పరింపు. అందుకని ఒకడు పోగులకు వీపు పెట్టి నిలబడతాడు. చిన్నాయన పుల్లతో ఒక పోగును చూపించి, "ఇది ఎవ్వరిది?" అంటాడు. వీపు తిప్పినవాడు ఒక పేరు చెప్తాడు. చెప్పిందే తీర్పు. అప్పీలు లేదు, రివ్యూ లేదు, సుప్రీంకోర్టు లేదు.

2023 నవంబర్ 30న, ఇక్కడ తెలంగాణలో పోలింగ్ రోజునే, సాగర్ డ్యామ్ 26 గేట్లలో 13 మావేనని అవతలి ఆంధ్ర పోలీసులు వచ్చి నడుమ ముళ్లకంచె వేశారు. టీవీలో అది చూస్తూ చిన్నాయన ఒక్కటే మాటన్నాడు. "గేట్లు లెక్కవెడితె ఏమొస్తదిరా, ఎవడో ఒకడు వీపు తిప్పి నిలవడాలె గానీ."

ఇక మా ఇంటి కేసు. మా ఊరి చట్టం ప్రకారం ఒక పొయ్యికి ఒక పోగు. మా పొయ్యి మీద ఏడాదిలో మూడు వందల అరవై రోజులు ఇద్దరికే వండుతారు, నాయనకూ అమ్మకూ. మిగతా అయిదు రోజులు పదమూడు మందికి. ముగ్గురు కొడుకులం, ముగ్గురు కోడళ్లు, అయిదుగురు పిల్లలు. అందరం సద్దుల బతుకమ్మ నాటికే ఎల్బీనగర్‌లో బస్సెక్కుతాం. ఇబ్రహీంపట్నం దాటేసరికి మా ఇళ్లలో ఎవరి స్థానం ఏమిటో తేలిపోతుంది. వదిన ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ మీద కిటికీ పక్కన కూర్చుంటుంది, అన్న పైసలిచ్చి టికెట్ కొనుక్కుని మాల్ దాకా ఒంటికాలి మీద నిలబడతాడు.

పదమూడు మందికి ఒక్క పోగా అని అన్న చాలా ఏళ్లుగా పిటిషన్ వేస్తూనే ఉన్నాడు. అతని వాదన బలమైనదే. ఉమ్మడి రాష్ట్రంలోని కృష్ణా పరీవాహక ప్రాంతంలో మూడింట రెండు వంతులు మన దగ్గరుంటే, 811 టీఎంసీల్లో మనకు 299, వాళ్లకు 512 అని 2015లో రాసుకున్నారు కదా. అట్లాగే మాది పెద్ద కుటుంబం, చిన్న పోగు. "మాకు మూడు రేషన్ కార్డులున్నయి చిన్నాయనా," అన్నాడు అన్న.

"కార్డులున్నయి. పొయ్యిలేవి?"

"ఎల్బీనగర్‌ల ఉన్నయి గదా."

"అయితె అక్కడ్నే ఏయించుకో పోగు."

కేసు కొట్టేశారు. అన్న ఆ పొద్దంతా చిన్నాయనతో మాట్లాడలేదు.

2025లో మా వేపచెట్టు ట్రిబ్యునల్‌కు నిజంగానే రాజ్యాంగ సంక్షోభం వచ్చింది. దసరా, గాంధీ జయంతి రెండూ అక్టోబర్ 2నే పడ్డాయి. వైన్స్ బంద్, కూర బంద్. మందు సంగతి పెద్ద చిక్కేమీ కాలేదు. చెట్టు మీది కల్లుకు గాంధీ జయంతి తెలియదు. సీసాల వాళ్లు ముందు రోజు సాయంత్రమే మండలంలో లైను కట్టారు. ఆ వానకాలం యూరియా లైన్లలో తమ వంతుకు గుర్తుగా చెప్పులు విడిచిపెట్టి చెట్టు నీడకు పోయినవాళ్లే, ఇక్కడ మాత్రం చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని స్వయంగా నిలబడ్డారు. వ్యవసాయం కన్నా పండుగ ముఖ్యమని కాదు. చెప్పుల్ని నమ్మి అన్నీ వదిలెయ్యలేం కదా.

యాట సంగతే తెగలేదు. ముందు రోజు కోస్తే పండుగ కూర కాదు, పండుగ నాడు కోస్తే మహాత్ముడు ఊరుకోడు. రాత్రి పది దాటేదాకా వేపచెట్టు కింద వాదన సాగింది. రిటైరైన సార్ ఒకాయన, తేదీ అర్ధరాత్రి పన్నెండుకే మారుతుంది కాబట్టి ఆ లోపలే కానిచ్చేయాలన్నాడు. చిన్నాయన చుట్ట ఆర్పి లేచాడు.

"పన్నెండుకు మారేది ఇంగ్లీషు తారీఖు. యాటకు ఇంగ్లీషు రాదు. పొద్దు పొడిసేదాంక దానికి బుధవారమే."

అట్లా గాంధీ జయంతి మొదలయ్యాక, దసరా మొదలవకముందు ఉన్న ఆ సందులో, తెల్లారుజామున మూడున్నరకు, సెల్‌ఫోన్ల వెలుతురులో యాట అమరత్వం పొందింది. అహింసకు భంగం రాలేదు, పండక్కూ రాలేదు. పొద్దున ఎనిమిదింటికి గాంధీ పటానికి దండ వేసిన చేతుల్లో సగం అప్పుడే సబ్బుతో కడుక్కున్నవి.

తీరా కూర ఇంటికొచ్చాక వదిన, "ఇయ్యాల గురువారం కదా అత్తమ్మా, నేను తినను," అంది. ఆమె సాయిబాబా భక్తురాలు. పంచాంగం, ఇంగ్లీషు కేలెండరు, చిన్నాయన తీర్పు, మూడూ అయ్యాక షిర్డీ నుంచి ఇంకో స్టే వచ్చిందన్నమాట. అమ్మ ఏమీ అనలేదు. ఆమె కోసం విడిగా టమాట పప్పు పెట్టింది. గ్యాస్ స్టవ్ మీద కొంగు అంచుల గుడ్డ కప్పి ఉంటుంది మా ఇంట్లో, దాని మీద దేవుడి పటాలు కూడా పెట్టొచ్చు. పండుగ వంటంతా పెరట్లో కట్టెల పొయ్యి మీదే.

చిన్నాయన ట్రిబ్యునల్ గురించి ఇంతసేపు చెప్పాను గానీ, అది కింది కోర్టు. పైకోర్టు అమ్మ గరిటె. అక్కడ వీపు తిప్పి నిలబడేవాడు ఉండడు. ఎవరి పళ్లెం ఏదో చూస్తూనే వేస్తుంది, అయినా ఎవరూ నోరెత్తరు. కార్జం పిల్లలకు. నడిమి నల్లి, మా అదృష్టం కొద్దీ వస్తే, చిన్న కోడలికి, ఆమె కొత్తగా వచ్చింది కాబట్టి. ఊరికి ఎంత దూరాన ఉంటే అంత పెద్ద ముక్క. ఈ సూత్రం మీద బెంగుళూరులో ఉండే తమ్ముడు ఎప్పుడూ లాభపడతాడు, తెల్లారుజామున మూడున్నరకు లేచిపోయి పోగు తెచ్చిన నాయనకు బోటి వస్తుంది. ఆయన కూడా అప్పీలు చేయడు.

సాయంత్రం జమ్మి దగ్గరికి పోయాం. పాలపిట్ట కోసం కరెంటు తీగలన్నీ వెతికాం, ఒక పిల్లవాడు కనిపించిందన్నాడు, మిగతావాళ్లం నమ్మాం. జమ్మిచెట్టు కింద కాగితం మీద "శమీ శమయతే పాపం, శమీ శత్రు వినాశనం" అని రాసి కొమ్మకు కట్టాలి. అన్న శత్రు వినాశనం దగ్గర బాల్‌పెన్ను గట్టిగా నొక్కి రాశాడు, కాగితం చిరిగింది. ఇటు తిరిగితే ఎదురుగా చిన్నాయన, చేతిలో జమ్మాకుతో. దసరా నాడు జమ్మాకునే బంగారమంటాం. పది గ్రాములు లక్ష రూపాయలు దాటిన ఏడాది కూడా మా ఊళ్లో బంగారం ఉత్తగనే చేతిలో పెడతారు. అన్న వంగి కాళ్లు మొక్కాడు. చిన్నాయన లేపి కావలించుకుని, "కూర మంచిగున్నదారా?" అనడిగాడు. అన్న, "పదమూడు మందికి సరిపోయింది చిన్నాయనా," అన్నాడు. ఇది వాస్తవం కాదు.

ఎందుకంటే రాత్రి నేను నీళ్ల కోసం పెరట్లోకి పోతే, అమ్మ గిన్నె అడుగున ఉన్న పులుసంతా గోకి మా టిఫిన్ డబ్బాల్లోకి పోస్తోంది, పొద్దున బస్సుకని. పక్కన ఆమె పళ్లెంలో వదిన వదిలేసిన టమాట పప్పు.

"నువ్వు తిన్లేదా?"

"నాకు గూడ గురువారమేరా."

మా అమ్మకు సాయిబాబా ఎవరో సరిగ్గా తెలియదు.

మొన్న నాయన ఫోన్ చేశాడు. కొత్త కేలెండరు వచ్చిందట, మొట్టమొదట దసరా ఎప్పుడో చూశాడట. 2026లో అక్టోబర్ 20, మంగళవారం. "మీ వదినకు హనుమంతుడు గూడ ఉన్నడేమో ఇప్పుడే అడుగు," అన్నాడు, "తిననోళ్ల లెక్క ముందుగాల తెలిస్తె, పోగు సంగతి మీ చిన్నాయనతోని మాట్లాడుత."

వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. "నాకైతె మంగళవారం ఒక్కపొద్దే అని రాసుకొమ్మను."