సవరణ: టీకా జ్వరం 48 గంటల్లోపే రావాలని లేదు

డే కేర్ సిబ్బందికి టీకాల గురించి తల్లిదండ్రులతో మాట్లాడటం నేర్పే శిక్షణపై గత పోస్టులో, "టీకా జ్వరం 48 గంటల్లోపే వస్తుంది, ఆ తర్వాత వస్తే టీకాకు సంబంధం లేదని చెప్పండి" అని రాశాం. అది తప్పు. డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా) లాంటి వాటికి సరిపోయే మాటను అన్ని టీకాలకూ అంటగట్టాం.

తట్టు టీకాలో ఉండేది బలహీనపరిచిన సజీవ వైరస్. అది ఒంట్లో కొంత పెరిగాకే జ్వరం వస్తుంది కాబట్టి సాధారణంగా 7 నుంచి 12 రోజుల మధ్య కనిపించి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కొందరికి సన్నటి దద్దుర్లు కూడా వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకా సమాచార పత్రాల్లో ఉన్నది ఇదే.

తేడా చిన్నదేం కాదు. తొమ్మిదో రోజున ఒళ్లు కాలుతున్న బిడ్డను చూసి తల్లి అడిగితే "సంబంధం లేదండీ" అని సిబ్బంది కొట్టిపారేస్తారు. సాయంత్రం నర్సు "తట్టు టీకాకు ఇది మామూలే" అంటుంది. ఇక ఆ తల్లి డే కేర్‌లో ఏం చెప్పినా నమ్మదు.

అందుకే శిక్షణలో జంటలుగా చేయించే సంభాషణలో ఆ వాక్యం కొట్టేయండి. మొదటి ప్రశ్న "ఏ టీకా, ఏ తేదీన వేయించారండీ?" అని ఉండాలి. టీకా కార్డు చూశాక, "టీకా వల్ల కావచ్చు, వేరే జబ్బూ కావచ్చు, ఒకసారి చూపించండి" అంటే చాలు. తేల్చి చెప్పడం సిబ్బంది పని కాదు.

ఫిట్స్, ఆయాసం, మగతగా పడి ఉండటం, పాలు తాగకపోవడం ఉంటే రోజుల లెక్క చూడకుండా వెంటనే ఆసుపత్రికి పంపాలి.