మనసు తరఫున ఒక అభ్యంతరం

యూదుల ధర్మశాస్త్రంలో మనసుకు తీరని అన్యాయం జరిగింది. దీని మీద ఇంతవరకూ ఒక్క ధర్నా కూడా జరగకపోవడం విచారకరం.

యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముద్‌లోని కేసే చూడండి. ఒకాయన ఇజ్రాయేల్ దేశం వెళ్లి స్థిరపడదామని ఆస్తి అమ్మేశాడు. అందుకే అమ్ముతున్నానని కొనేవాడితో మాత్రం ఒక్క ముక్క అనలేదు. తర్వాత ఆ అమ్మకం చెల్లుతుందా లేదా అని వ్యవహారం పేచీకొచ్చింది. నాలుగో శతాబ్దపు బాబిలోనియా పండితుడు రావా తేల్చేశాడు: మనసులో మాట మాటే కాదు. అంతే, అప్పీలు లేదు.

పోనీ, నోటికైనా విలువుందా? గోధుమ రొట్టె తిననని ఒట్టు వేద్దామనుకున్నవాడు నోరు జారి బార్లీ రొట్టె అన్నాడనుకోండి. నోరూ మనసూ కలవలేదు కాబట్టి ఒట్టు చెల్లదు. రెండు రొట్టెలూ లాగించొచ్చు. తడబడే నాలుకకు ఇంతటి రాయితీ ఇచ్చిన చట్టం మరోటి ఉందా?

దానం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇదే మనసుకు ఎక్కడలేని పెద్దరికం పుట్టుకొస్తుంది. ఫలానా మొత్తం ఇద్దామని లోపల గట్టిగా అనుకుంటే చాలు, పెదవి కదపకపోయినా ఇచ్చి తీరాలన్నాడు 16వ శతాబ్దంలో క్రాకోవ్ రబ్బీ మోషే ఇస్సెర్లెస్. మనసులో మొక్కుకున్నా వడ్డీకాసులవాడు వదలడని వణికే మనకు ఇది కొత్త కాదనుకోండి. కానీ గమనించారా, ఆస్తి వెనక్కి అడిగితే మనసు సాక్ష్యం చెల్లదు, జేబు ఖాళీ చేయాలంటే అదొక్కటే చాలు!

అందుకే జాగ్రత్తపరులు ఏం చెప్పినా చివర ‘బ్లీ నెదెర్’ అని తోక తగిలిస్తారు, ఒట్టు కాదు సుమా అని. ‘రేపు తప్పకుండా వస్తా, బ్లీ నెదెర్.’ అయినా అనుమానం తీరకపోతే, యూదుల కొత్త సంవత్సరం ముందు ముగ్గురిని కూర్చోబెట్టి పాత మొక్కులన్నీ రద్దు చేయించుకుంటారు.

ఇంత పకడ్బందీ ఏర్పాటునూ చెడగొట్టినవాడు తాల్ముద్ పండితుడు రవ్ సఫ్రా. తాల్ముద్ వ్యాఖ్యాత రాషి చెప్పిన ప్రకారం, ఆయన షెమా ప్రార్థనలో ఉండగా ఒకడు ఆయన సరుకు కొందామని వచ్చి ధర చెప్పాడు. ఈయన పలకలేదు. చాలలేదేమోనని వాడు ధర పెంచాడు. ప్రార్థన ముగించి రవ్ సఫ్రా, ‘మొదటి ధరకే తీసుకో, అప్పుడే మనసులో ఒప్పుకున్నాను’ అన్నాడు. పండితులు ఆయన నిజాయితీని తెగ మెచ్చుకున్నారు. ప్రార్థన మధ్యలో మనసు బేరం మీదికి ఎందుకెళ్లిందని మాత్రం ఒక్కరూ నిలదీయలేదు.