సవరణ: రోబో పెట్టే ముందు నోటీసు

శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీల మీద మొన్నటి పోస్టులో ‘వెల్డింగ్ రోబోలు పెట్టాలంటే యాజమాన్యం ఎవరికీ చెప్పక్కర్లేదు’ అని ఉంది. దాన్ని ఇలా చదువుకోండి: కొత్త మెషీన్ల వల్ల రిట్రెంచ్‌మెంట్ (కార్మికుల్ని పనిలోంచి తీసెయ్యడం) జరిగే అవకాశం ఉంటే, కార్మికులకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 9ఎ సెక్షన్, నాలుగో షెడ్యూలు చెప్పింది ఇదే. దాని స్థానంలో తెచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ 21 రోజుల నోటీసు ఉంది.

నోటీసంటే అనుమతి కాదు, యూనియన్ ఒప్పుకోవాలనీ లేదు. అసలు తిరకాసంతా ఆ ‘అవకాశం ఉంటే’ దగ్గరే. ‘ఎవర్నీ తీసెయ్యం, వేరే లైన్‌కి మారుస్తాం’ అని యాజమాన్యం వాదించొచ్చు.

నెల్లూరు, చిత్తూరు నుంచి వచ్చి గడువు ఒప్పందం మీద చేరిన మన కుర్రాళ్లకైతే ఈ నోటీసు పెద్దగా అక్కరకు రాదు. ఒప్పందం రెన్యూ చెయ్యకపోవడాన్ని 1984లోనే రిట్రెంచ్‌మెంట్ నిర్వచనం నుంచి తప్పించారు.