మహారాజశ్రీ విత్‌డ్రా బటన్ గారి సముఖమునకు

ఉభయకుశలోపరి. మీ కుశలానికి ఢోకా లేదని తెలుస్తూనే ఉంది. మధ్యాహ్నం నుంచీ "ప్రాసెసింగ్" అన్న ఒక్క మాట పట్టుకుని కాలు మీద కాలేసుకు కూర్చున్నారు. మా సంగతే బాగోలేదు. క్రిప్టో నాణేలు కొని అమ్మే ఎక్స్ఛేంజ్‌లోని మా ఖాతాలో బ్యాలెన్స్ తగ్గిపోయింది, మొబైల్ వాలెట్‌లో పెరగలేదు.

తప్పు మావైపు ఉందేమోనని తమరికి అనుమానం రాకుండా మా లెక్క ముందే అప్పజెబుతున్నాం. వాలెట్ యాప్‌ను సెర్చ్‌లో పైన తగిలే ప్రకటన నుంచి కాదు, తయారీదారు సొంత సైట్‌లోని లింకు నుంచే దించుకున్నాం. వాలెట్‌ను మళ్లీ తెరిచే తాళంలాంటి ఆ 12 రహస్య పదాలూ కాగితం మీద, వరుస నంబర్లతో రాసుకున్నాం. స్క్రీన్‌షాట్ తియ్యలేదు, అది చెప్పాపెట్టకుండా క్లౌడ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది గనక. వాలెట్ ఖాళీగా ఉన్నప్పుడే యాప్ తీసేసి, కాగితం చూసి పదాలు కొట్టి, డబ్బు వచ్చిపడే అదే అడ్రస్ మళ్లీ వచ్చిందని నిర్ధారించుకున్నాం. ఇది చాదస్తం కాదు. 12 పదాల్లో ఒకటి తప్పు రాస్తే ఆ పదాల్లోనే ఇమిడిన తప్పు పట్టే లెక్క, అంటే చెక్‌సమ్ వల్ల సగటున 16 సార్లలో 15 సార్లు యాప్ ఒప్పుకోదు. మిగిలిన ఆ ఒక్కసారి కిమ్మనకుండా ఒప్పుకుని ఇంకెక్కడిదో ఖాళీ వాలెట్ తెరిచి చూపిస్తుంది. డబ్బు పడ్డాక ఆ సంగతి తెలిస్తే గుండె ఆగుతుంది.

అడ్రస్ కూడా వాలెట్‌లోని రిసీవ్ తెర నుంచే కాపీ చేశాం, పాత లావాదేవీల జాబితా నుంచి కాదు. మన అడ్రస్‌లోని మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలకు సరిపోయే దొంగ అడ్రస్ తయారుచేసి, దాన్నుంచి చిల్లర పంపి, ఆ జాబితాలో కాచుక్కూర్చునే ఘనులున్నారు. కాపీ చేసినదాన్ని మధ్యలో మార్చేసే వైరస్‌లు వేరే. అందుకే పేస్ట్ చేశాక నడిమి అక్షరాలు కూడా కలిపి చూశాం. కొత్త అడ్రస్‌కు మీరు పెట్టిన 24 గంటల నిరీక్షణ నోరెత్తకుండా భరించాం. నిజం చెప్పాలంటే మీ నియమాల్లో మాకు గౌరవం ఉన్నది ఆ ఒక్కదాని మీదే. ఖాతాలో దొంగ పడితే కాపాడేది ఆ ఒక్క రోజే.

ఇక మీ తమ్ముడు, ఏ నెట్‌వర్క్ మీద పంపాలో ఎంచుకునే మెనూ. డాలరు విలువకు కట్టేసిన యూఎస్‌డీటీ నాణెం పంపుదామని ఈథీరియం అడ్రస్ పెట్టి ట్రాన్ ఎంచితే తప్పని చెబుతాడు, సంతోషం. ఈథీరియం, బీఎన్‌బీ, పాలిగాన్, ఆర్బిట్రమ్ అయితే అన్నిటికీ ఒకే రకం అడ్రస్, 0ఎక్స్ తర్వాత 40 అక్షరాలు. ఏది ఎంచినా తల ఊపుతాడు. అనుకోనిది ఎంచినా తాళం మన చేతిలోనే ఉంది కాబట్టి సొమ్ము పోదు, వాలెట్‌లో ఆ నెట్‌వర్క్ జోడిస్తే కనబడుతుంది. కదపాలంటే మాత్రం అక్కడి గ్యాస్, అంటే ఆ నెట్‌వర్క్ సొంత నాణెంలో కట్టే రుసుము కావాలి: బీఎన్‌బీ నెట్‌వర్క్ మీదైతే బీఎన్‌బీ నాణెం, ట్రాన్ మీదైతే టీఆర్ఎక్స్. అది కాస్త ముందే పంపుకోమని తమ్ముడుగారు ఒక్క ముక్క చెప్పరు.

ఫీజు గురించి ఎక్కువ మాట్లాడం. బిట్‌కాయిన్ విత్‌డ్రాలు బోలెడు ఒకే లావాదేవీలో కట్టి పంపే ఎక్స్ఛేంజ్‌లు కూడా ఒక్కొక్కరి దగ్గరా నిండు ఫీజు గుంజుతాయి. ముందు కొంచెం పంపి చూసుకోమని సలహా ఇస్తారు, ఆ కొంచానికీ అదే ఫీజు.

ఇవన్నీ దిగమింగుతాం. మింగుడుపడనిది మీ "ప్రాసెసింగ్".

లావాదేవీ నెట్‌వర్క్ మీద ఆగడం వేరు, మీ దగ్గర ఆగడం వేరు. నెట్‌వర్క్ మీద ఆగితే టీఎక్స్‌ఐడీ, అంటే లావాదేవీ గుర్తింపు సంకేతం ఉంటుంది. దాన్ని ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే లావాదేవీలన్నీ బహిరంగంగా చూపే సైట్‌లో వేస్తే ఎంత ఫీజు పెట్టారో, నెట్‌వర్క్ ధ్రువీకరణలు, అంటే కన్ఫర్మేషన్లు ఎన్ని పడ్డాయో లోకమంతా చూడొచ్చు. బిట్‌కాయిన్‌లో సగటున 10 నిమిషాలకో బ్లాకు (లావాదేవీల కట్ట), ఈథీరియంలో 12 సెకన్లకొకటి. ఆ ఎదురుచూపుకు ఒక అర్థముంది. టీఎక్స్‌ఐడీ గడి ఖాళీగా ఉందంటే సొమ్ము మీ గడపే దాటలేదు. అయినా మీ సపోర్ట్ వారు "నెట్‌వర్క్ రద్దీ" అంటారు. ఉత్తరం డబ్బాలో వెయ్యకుండానే పోస్ట్‌మ్యాన్ ఆలస్యం చేస్తున్నాడన్నట్టు!

కారణాలుంటాయి, ఒప్పుకుంటాం. ఈమెయిల్‌లో కన్ఫర్మ్ లింకు నొక్కకపోయి ఉండొచ్చు. పాస్‌వర్డ్ మార్చి ఒక రోజు గడవకపోయి ఉండొచ్చు. పెద్ద మొత్తమని మనిషెవరో పరిశీలిస్తుండొచ్చు. నెట్‌కు కలిపి ఉంచే హాట్ వాలెట్ ఖాళీ అయి, నెట్‌కు దూరంగా దాచే కోల్డ్ వాలెట్ నుంచి తేవాల్సి రావొచ్చు. ఏదైతే అది రాయొచ్చుగా? నాలుగు కారణాలకు నాలుగు మాటలు పెట్టడానికి మీ ఇంజినీర్లకు చేతులు రావడం లేదా?

నువ్వు నోరు విప్పకపోతే ఏమవుతుందో తెలుసా? జనం కంగారుపడి రెండో విత్‌డ్రా కొడతారు. సపోర్ట్ కోసం నెట్‌లో వెతుకుతారు. అక్కడ దొంగ సపోర్ట్ వాడు నీకంటే మర్యాదగా, నీకంటే త్వరగా పలుకుతాడు. "వాలెట్ సింక్ కావాలి, 12 పదాలు చెప్పండి" అంటాడు. కాగితం మీద అంత జాగ్రత్తగా దాచుకున్న పదాలు అక్కడ జారిపోతాయి. ఆ దొంగకు గిరాకీ తెచ్చిపెట్టింది నీ మౌనమే.

కొనే బటన్ మాత్రం కన్నుమూసి తెరిచేలోగా పనిచేస్తుంది. 2014 ఫిబ్రవరిలో మౌంట్ గాక్స్ అనే ఎక్స్ఛేంజ్‌లో ముందు ఆగింది నువ్వే. ట్రేడింగ్ ఇంకా నడుస్తూనే ఉంది, నెలాఖరుకల్లా దుకాణం మూసేశారు. 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ అనే మరో ఎక్స్ఛేంజ్‌లో నువ్వు ఆగిన రోజుల్లోనే దివాలా పిటిషన్ పడింది. ఈ చరిత్ర పెట్టుకుని "ప్రాసెసింగ్, దయచేసి ఓపిక పట్టండి" అంటే ఎవరికి ఓపిక?

కారణం రాయి, లేదా ఆ 64 అక్షరాల టీఎక్స్‌ఐడీ ఇవ్వు. మిగతాది ఎక్స్‌ప్లోరర్‌లో మేమే చూసుకుంటాం.

ఇట్లు,
టీఎక్స్‌ఐడీ వచ్చేవరకు మాత్రమే
తమ విధేయులు